కొత్తగా హెచ్‌ఎం అయ్యారా? ముందు వెనక బెంచీలో కూర్చోండి

ప్రమోషన్ ఆర్డరు చేతికొచ్చిన రోజు బాగానే ఉంటుంది. శాలువాలు, స్వీట్లు, ఫోన్లు. అసలు సంగతి మూడో రోజుకి తెలుస్తుంది. పొద్దున్నే మధ్యాహ్న భోజనం లెక్క, ఆ తర్వాత అటెండెన్స్ యాప్, మండలాఫీసు నుంచి అర్జెంటు అంటూ ఒక ఫార్మాట్, మోటారు కాలిపోయిందని వంటావిడ, టీసీ కోసం పని మానుకుని వచ్చిన ఒక తండ్రి. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక గుర్తొస్తుంది, ఈ రోజు ఒక్క క్లాసు గుమ్మం కూడా తొక్కలేదని.

నేను ఏడాదిన్నర అలాగే గడిపాను. రిపోర్టులన్నీ టైముకి వెళ్లాయి. ఒక్క మెమో కూడా రాలేదు. ఆ ఏడాదిన్నరలోనే, తెలుగు వాచకం చదవలేని పిల్లలు కొందరు ఆరు నుంచి ఏడుకి, ఏడు నుంచి ఎనిమిదికి వెళ్లిపోయారు. నాకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఆ తర్వాత చేసిన పని, అందులో పడిన తిప్పలు, పనికొచ్చిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. జిల్లా పరిషత్ హైస్కూలు హెచ్‌ఎంలని, అందులోనూ స్కూల్ కాంప్లెక్సు (చుట్టుపక్కల బడుల గుంపు) బాధ్యత ఉన్నవాళ్లని మనసులో పెట్టుకుని రాసింది. ఇద్దరు టీచర్లున్న ప్రైమరీ స్కూల్లోనైనా చాలా భాగం పనికొస్తుంది.

మొదటి పది రోజులు ఏమీ మార్చకండి

కొత్త హెచ్‌ఎం రాగానే టైంటేబుల్ మార్చేస్తారని స్టాఫంతా ఎదురుచూస్తుంటారు. మార్చకండి. ఒక చిన్న నోట్‌బుక్ పట్టుకుని వరండాలో నడవండి. ఒక్కటే గమనించండి: బెల్ కొట్టాక ఎన్ని నిమిషాలకి పాఠం మొదలవుతోంది? టీచరు ఎప్పుడొచ్చారన్నది కాదు సుమా. హాజరు వేసి, పుస్తకాలు తీయించి, ఎవరి పెన్ను ఎవరు తీసుకున్నారో తేల్చి, అసలు పాఠం ఎప్పుడు మొదలైందన్నది.

రోజుకి 8 పీరియడ్లుండి, ఒక్కోదాంట్లో 5 నిమిషాలు ఇలా పోతే రోజుకి 40 నిమిషాలు. దాదాపు ఒక పీరియడ్ పోయినట్టే. విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. 6 నుంచి 8 తరగతులకి 220 రోజులు, 1000 గంటలు. పనిదినాల లెక్క మనమంతా రాస్తాం, గంటల లెక్క ఎవరూ వేయరు. 220 రోజులకి రోజూ 40 నిమిషాలంటే 146 గంటల పైన. ఈ లెక్క స్టాఫ్ మీటింగులో ఎవరి పేరూ ఎత్తకుండా బోర్డు మీద వేయండి. నేను వేసినప్పుడు లెక్కల మేడమే లేచి, "సార్, ఆరో పీరియడ్లో ఇంకా ఎక్కువే పోతుంది, ఇంటర్వెల్ తర్వాత నీళ్ల దగ్గర లైను" అన్నారు. కుళాయిలు రెండు పెంచాం. ఆ ఏడాది నేను చేసిన మంచి పనుల్లో అదొకటి, దానికి బోధనా పద్ధతులతో ఏ సంబంధమూ లేదు.

మీ క్లాసుకి వాళ్లని పిలవండి

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. నేనూ వేశాను. "వచ్చే వారం నుంచి క్లాస్ అబ్జర్వేషన్ చేస్తాను" అని నోటీసు తిప్పాను. అందరూ సంతకం పెట్టారు. నేను వెళ్లిన ప్రతి క్లాసులోనూ ఆ రోజు చార్టులు వేలాడాయి, పిల్లలు చేతులెత్తారు, అంతకు ముందు రోజు చెప్పిన పాఠమే మళ్లీ చెప్పారు. ఒకచోట ఒక పిల్ల, "ఇది నిన్ననే అయిపోయింది సార్" అని నా చెవిలో చెప్పింది కూడా.

తప్పు టీచర్లది కాదు. మన వ్యవస్థలో క్లాసులోకి పెద్దాయన వచ్చాడంటే తనిఖీ అని అర్థం. విజిట్ బుక్‌లో ఏం రాస్తాడోనన్న టెన్షన్. ఆ భయం పోవాలంటే ముందు మీరే బల్ల మీద కూర్చోవాలి, అంటే మీ పాఠం వాళ్లు చూడాలి.

ఎలాగంటే: మీరు చెప్పే సబ్జెక్టులో ఒక మామూలు పాఠం ఎంచుకోండి, బాగా వచ్చింది మాత్రం వద్దు. ఇద్దరు టీచర్లని, వాళ్ల లీజర్ పీరియడ్లో, అడిగి పిలవండి. ఒకరు సీనియర్, ఒకరు కొత్తవాళ్లు అయితే మంచిది. "పాఠం ఎలా ఉందో చెప్పండి" అనకండి, "బాగుంది సార్" అనే అంటారు. దానికి బదులు ఒక కాగితం ఇవ్వండి. అందులో బెంచీల బొమ్మ గీసి ఉంటుంది. ఏ పిల్లాడు నోరు తెరిచినా ఆ స్థానంలో ఒక టిక్కు పెట్టాలి, అంతే పని.

నా పాఠానికి ఆ కాగితం పట్టుకుని కూర్చున్నది సర్వీసులోకి వచ్చి రెండేళ్లయిన హిందీ మేడం. 42 మంది పిల్లలున్న క్లాసు. పీరియడ్ అయ్యాక ఆవిడ ఏమీ మాట్లాడకుండా కాగితం నా చేతిలో పెట్టారు. 31 టిక్కులు. అన్నీ కలిపి తొమ్మిది మందివే. ముందు రెండు బెంచీలు, కుడిపక్క అబ్బాయిల వరస. అమ్మాయిల వైపు మూడో బెంచీ నుంచి కాగితం తెల్లగా ఉంది. ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పాను, క్లాసంతా నాతో ఉంటుందని నమ్మాను.

ఆ కాగితాన్ని స్టాఫ్ రూము బోర్డుకి అంటించాను. ఇంకే నోటీసూ అవసరం రాలేదు. వారం తిరక్కుండా ఇద్దరు, "మా క్లాసుకీ ఆ బొమ్మ గీసిపెట్టండి సార్" అన్నారు.

ఇప్పుడు మీరు వెనక బెంచీకి

వారానికి మూడు పీరియడ్లు పెట్టుకోండి. పదిమంది స్టాఫుంటే నెలలోపు ఒక చుట్టు పూర్తవుతుంది. మొదటి పీరియడ్ వద్దు, అది ఎలాగూ యాపులకి, భోజనం లెక్కలకి పోతుంది. రెండోదో మూడోదో మేలు. ఆ మూడు పీరియడ్లూ మీ టైంటేబుల్లో పాఠంలాగే రాసి గోడకి పెట్టండి. ఫోను ఆఫీసు సబార్డినేట్‌కో, గుమాస్తాకో ఇచ్చి వెళ్లండి. ఎవరూ లేని స్కూలైతే సైలెంట్‌లో పెట్టి టేబుల్ సొరుగులో వేయండి. 30 నిమిషాల్లో మునిగిపోయే ఆఫీసు ఏదీ నేను చూడలేదు.

వెళ్లే ముందు రోజు టీచరునే అడగండి: "మాస్టారూ, రేపు మీ క్లాసులో నేను దేన్ని చూస్తే మీకు ఉపయోగం?" మొదట్లో "మీ ఇష్టం సార్" అంటారు. అప్పుడు రెండు మూడు మీరే చెప్పి ఎంచుకోమనండి: ప్రశ్నలు ఎవరికి వెళ్తున్నాయి, రాసే పని ఇచ్చాక వెనక పిల్లలు ఏం చేస్తున్నారు, బోర్డు మీద రాసింది నోట్సులోకి ఎలా దిగుతోంది. ఒక్కటే ఎంచుకోవాలి. పది అంశాల చెక్‌లిస్టు పట్టుకెళ్తే పదింటికీ టిక్కులు పడతాయి, ఒక్కటీ మారదు.

క్లాసులో కుర్చీ వేయించుకోకండి. వెనక బెంచీలో, ఇద్దరు పిల్లల మధ్య కూర్చోండి. టీచరుని తక్కువ చూడండి, పిల్లల నోటుబుక్కులు ఎక్కువ చూడండి. పక్కవాడిని మెల్లగా అడగండి, "ఇప్పుడు ఏం చేయమన్నారు?" అని. వాడి జవాబు మీకు చాలా చెబుతుంది.

రాసుకునేటప్పుడు కంటికి కనిపించిందే రాయండి. "బోధన సంతృప్తికరం, మెరుగుపరచుకోవాలి" అనే వాక్యం మన విజిట్ బుక్కుల్లో కొన్ని లక్షల సార్లు ఉండి ఉంటుంది. అది చదివి ఏ టీచరూ మర్నాడు ఏదీ మార్చలేదు. "కిరణజన్య సంయోగక్రియ పటం బోర్డు మీద 10:50కి పూర్తయింది. 11:05కి చివరి రెండు బెంచీల్లో ఎనిమిది మందిలో ముగ్గురి నోట్సులోనే పటం ఉంది, ఇద్దరు బాణాలు తిరగేసి గీశారు" అని రాస్తే పనికొస్తుంది. ఈ నోట్సు విజిట్ బుక్కులోకి, సర్వీసు ఫైల్లోకి, పై ఆఫీసుకి వెళ్లదని ముందే చెప్పండి. చెప్పాక మాట తప్పకండి. ఒక్కసారి తప్పితే ఈ పని అక్కడితో ఆగిపోతుంది.

ఆ తర్వాత పది నిమిషాలు

అదే రోజు మాట్లాడాలి. హెచ్‌ఎం గదికి పిలిపించకండి, గదిలోకి పిలిస్తే అది సంజాయిషీ అవుతుంది. చెట్టు కింద, లేదా పిల్లలు వెళ్లిపోయాక ఆ క్లాసులోనే. ముందు వాళ్లని మాట్లాడనివ్వండి. నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ రోజు ఎవరికి అందలేదనుకుంటున్నారు?" టీచరు చెప్పిన పేర్లకీ, నేను చూసిన నోటుబుక్కులకీ తేడా ఉంటే, నోటుబుక్కులు ముందు పెడతాను. సలహా ఇవ్వాల్సిన అవసరం సగం సార్లు రాదు.

చివరికి ఒక్క మార్పు మీద ఒప్పందానికి రండి, తేదీ పెట్టుకోండి. "మంగళవారం మూడో పీరియడ్, పటం గీసేటప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగి వెనక వరస చూస్తాను" అన్నట్టు. ఆ మంగళవారం మీరు వెళ్లి తీరాలి. వర్షమొచ్చినా, మీటింగొచ్చినా. వెళ్లలేకపోతే ముందే చెప్పి వేరే రోజు పెట్టండి.

"అర్థమైందా?" అని అడగడం మాన్పించండి

ఏ మార్పుతో మొదలుపెట్టాలో తోచకపోతే దీనితో పెట్టండి. మన క్లాసుల్లో టీచరు "అర్థమైందా?" అంటారు. పిల్లలు ముక్తకంఠంతో "అయిందీ సార్!" అంటారు. ఆ రాగం ఏ జిల్లాలోనైనా ఒకటే. దాని వల్ల తెలిసేది ఏమీ లేదు, అయినా ఆ మాట వినగానే మనం తర్వాతి పేజీకి వెళ్లిపోతాం.

దానికి బదులు ఒక చిన్న లెక్కో, ఒక వాక్యమో అందరినీ రాయమని, రెండు నిమిషాలు బెంచీల మధ్య తిరగమనండి. ప్రైమరీలో పలకలు ఉంటే ఇంకా సులువు, అందరూ ఒకేసారి పైకెత్తుతారు, ఒక్క చూపులో తేలిపోతుంది.

నోటి ప్రశ్నలకి ఇంకొకటుంది. ప్రశ్న వేశాక ఆగడం. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త 1970ల్లో సైన్సు క్లాసుల రికార్డింగులు విని గమనించిందేమిటంటే, టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు, జవాబు రాకపోతే వేరేవాళ్లని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. మూడు సెకన్లు ఆగడం నేర్పితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, మామూలుగా మాట్లాడనివాళ్లు మాట్లాడారు. మూడు సెకన్లు వినడానికి చిన్నదే. క్లాసులో నిలబడి ఆగి చూడండి, ఎంత పొడవో తెలుస్తుంది. నేను మనసులో "ఒక బెంచీ, రెండు బెంచీలు, మూడు బెంచీలు" అనుకునేవాణ్ణి. ప్రశ్న ముందు, పేరు తర్వాత: "ఈ కోణం ఎంత?" అని ఆగి, ఆ తర్వాత "లక్ష్మీ, నువ్వు చెప్పు." పేరు ముందే పిలిస్తే మిగతా నలభై ఒక్కరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

జూన్‌లో ఆరో తరగతి పిల్లలందరినీ ఒక్కొక్కరిగా చదివించండి

ఈ గైడులో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి.

హైస్కూల్లో మనం అనుకునేదేమిటంటే, చదవడం రాయడం ప్రైమరీ వాళ్ల పని, మనది సిలబస్. ఐదో తరగతి దాటిన పిల్లాడికి రెండో తరగతి వాచకం రాకపోతే మన సైన్సు, మన సోషలు, మన లెక్కల్లోని రాత సమస్యలు ఏవీ వాడి దగ్గరికి చేరవు. ఇది ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఇళ్లకి వెళ్లి, పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేల్లో పదే పదే కనిపిస్తున్న సంగతే. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు గట్టిపరచాలని 2021లో కేంద్రం నిపుణ్ భారత్ మొదలుపెట్టినా, 2022లో తెలంగాణ తొలిమెట్టు తెచ్చినా కారణం ఇదే.

పద్ధతి చాలా సులువు. ఒక కాగితం మీద ఐదు మెట్లు రాయండి. మొదటిది విడి అక్షరాలు. రెండోది పలక, గడప లాంటి సరళ పదాలు. మూడోది గుణింతం పదాలు: గోడ, చేప, పులుసు. నాలుగోది ఒత్తులు: పుస్తకం, రాత్రి, కష్టం. ఐదోది రెండో తరగతి స్థాయి చిన్న కథ, కానీ వాళ్ల వాచకంలో లేనిది. వాచకంలోదే ఇస్తే బట్టీ పట్టినవాడు గడగడా అప్పజెప్తాడు. వేలు ఒక లైను మీద ఉంటుంది, నోరు ఇంకో లైను దగ్గర ఉంటుంది.

ఒక్కో పిల్లాడికి నాలుగు నిమిషాలు చాలు. 60 మందికి నాలుగు గంటలు, నలుగురు టీచర్లు పంచుకుంటే తలా ఒక గంట. అందరి ముందూ నిలబెట్టి చదివించకండి, వరండాలో పక్కన కూర్చోబెట్టుకోండి. ఎక్కడ ఆగాడో ఆ మెట్టు రాయండి, మార్కు వేయకండి. నా అనుభవంలో ఎక్కువమంది ఆగేది మూడు నాలుగు మెట్ల మధ్య. గుణింతం వస్తుంది, ఒత్తు దగ్గర బండి ఆగుతుంది. అలాంటివాడికి మళ్లీ అ ఆ ల నుంచి చెప్పడం వృథా, వాడికీ అవమానం. రెండు మూడు వారాలు ఒత్తుల మీద కూర్చుంటే చాలామంది కథలోకి వెళ్లిపోతారు.

తర్వాత రోజుకి ఒక పీరియడ్, ఆరు, ఏడు తరగతులు రెండింటికీ ఒకే సమయంలో పెట్టి, పిల్లల్ని తరగతిని బట్టి కాక మెట్టుని బట్టి గుంపులు చేయండి. ముంబయి, వడోదరల్లో ప్రథమ్ నడిపిన బాలసఖి కార్యక్రమంలో వెనకబడిన పిల్లల్ని విడిగా వాళ్ల స్థాయి దగ్గర్నుంచి నేర్పితే మార్కులు గట్టిగానే పెరిగాయని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 2007లో ప్రచురించింది. ఆ గుంపుల్లో కింది మెట్టు గుంపుని ఎవరికిస్తారన్నది హెచ్‌ఎం పని. అలవాటుగా కొత్త టీచరుకో, విద్యా వాలంటీరుకో తోసేస్తాం. ఓపికున్న, అనుభవమున్న మనిషికివ్వండి. మొదటి ఏడాది నేనే తీసుకున్నాను. నాకు ఒత్తులు నేర్పడం రాదని అప్పుడు తెలిసింది, కాంప్లెక్సులోని ఒక ప్రైమరీ మేడం దగ్గరికెళ్లి నేర్చుకున్నాను.

ఆరు వారాలకోసారి మళ్లీ అదే కాగితంతో, వేరే కథతో చూడండి. ఇంగ్లీషు మీడియం కదా, తెలుగు చదివించడమేమిటని కొందరడుగుతారు. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు అచ్చువేసి ఇస్తున్నది ఎందుకో వాళ్లనే అడగండి. తెలుగు పేజీ చదవలేనివాడికి ఆ రెండు పేజీలూ ఒకటే.

కాంప్లెక్సు మీటింగుని సర్క్యులర్ల నుంచి కాపాడండి

నేను వెళ్లిన కాంప్లెక్సు మీటింగుల్లో సగం రోజు సర్క్యులర్లు చదివి వినిపించడానికే పోయేది. ఆ కాగితాలన్నీ ముందు రోజే వాట్సాప్‌లో పెట్టేయండి. మీటింగుకి ప్రతి స్కూలు నుంచి ఐదు మంది పిల్లల నోటుబుక్కులు తెమ్మనండి: ఒకటి బాగా చదివేవాడిది, రెండు మధ్యస్థం, రెండు వెనకబడినవాళ్లవి. టేబుల్ మీద పరచండి. ఏం మాట్లాడాలో అవే చెబుతాయి.

ఏడాదికి రెండుసార్లు జపాన్ టీచర్లు వందేళ్లకి పైగా చేస్తున్న పద్ధతి ప్రయత్నించవచ్చు. నలుగురైదుగురు కలిసి ఒక పాఠానికి ప్లాను రాస్తారు, ఒకరు చెప్తారు, మిగతావాళ్లు పిల్లల్ని గమనిస్తారు, తర్వాత కూర్చుని ఎక్కడ తడబడ్డారో మాట్లాడుకుంటారు. ప్లాను అందరిదీ కాబట్టి చెప్పినావిడ ఒక్కరే దోషిగా నిలబడరు. మా దగ్గర మొదటిసారి భిన్నాల పాఠానికి చేశాం. ఐదో తరగతి పిల్లలు అర కన్నా పావు పెద్దదన్నారు, నాలుగు రెండు కన్నా పెద్దది కదా మరి. ప్లానులో ఐదుగురం ఎవరమూ అది ఊహించలేదు.

ఒక్క మాట. ఏకోపాధ్యాయ పాఠశాలని హైస్కూలు కళ్లతో చూడకండి. ఒక్క మనిషి ఐదు తరగతుల్ని ఒకే గదిలో నడుపుతుంటే "మూడో తరగతి ఖాళీగా కూర్చుంది" అని రాయడం అన్యాయం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్లు తమ చుట్టుపక్కల పల్లె బడుల్లో ఈ సమస్యకి కార్డులు, నిచ్చెన పటం తయారుచేశారు. పిల్లలు తమ మెట్టు కార్డు తామే తీసుకుని పని చేసుకుంటారు, టీచరు ఒక్కో గుంపు దగ్గర కూర్చుంటారు. అలాంటి బడికి వెళ్లినప్పుడు గమనించాల్సింది టీచరు దగ్గర లేని గుంపుకి చేతిలో పని ఉందా లేదా అన్నదే.

ఒప్పుకోనివాళ్లు ఉంటారు

మీకన్నా సర్వీసు ఎక్కువున్నవారు, రోస్టర్లో మీ వెనకబడి నొచ్చుకున్నవారు, రెండేళ్లలో రిటైరయ్యేవారు. బలవంతపెట్టకండి, మెమోలు అసలే వద్దు. ఆయనకి బాగా వచ్చినదేదో ఒకటుంటుంది. మా స్కూల్లో ఒక సోషల్ మాస్టారు నన్ను ఏడాదిపాటు గుమ్మం దాటనివ్వలేదు. ఆయన బోర్డు మీద గీసే ఆంధ్రదేశపు పటం మాత్రం అచ్చు వేసినట్టుండేది. కొత్తవాళ్లకి పటం గీయడం నేర్పమని అడిగాను. నేర్పారు. తర్వాత ఒక రోజు ఆయనే, "ఏంటండీ హెచ్‌ఎం గారూ, అందరి క్లాసులకీ వెళ్తారు, మా క్లాసుకి మాత్రం రారు?" అన్నారు.

అసలు బడికే రాని మనిషి సంగతి వేరు. దానికి బెంచీల బొమ్మ పనికిరాదు, రూల్సు ప్రకారం వెళ్లండి.

తల్లిదండ్రుల మీటింగు గురించి క్లుప్తంగా. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టినప్పటి నుంచి జనం బాగానే వస్తున్నారు. గ్రేడులు చదివితే వాళ్లకి అర్థం కాదు. జూన్ కాగితం, ఇప్పటి కాగితం పక్కపక్కన పెట్టి, "అప్పుడు ఇక్కడ ఆగాడమ్మా, ఇప్పుడు ఇక్కడిదాకా వచ్చాడు" అని, ఆ తల్లి ఒక్కదానికే చూపించండి.

బదిలీ వచ్చినప్పుడు

వస్తుంది. అప్పటికి మీ దగ్గర రెండు నోటుబుక్కులుంటాయి. పిల్లలు ఏ మెట్టు మీదున్నారో రాసినది కొత్త హెచ్‌ఎం చేతికి నేరుగా ఇవ్వండి, చార్జి లిస్టులో ఒక అంశంగా రాయించండి. క్లాసుల్లో కూర్చుని రాసుకున్న రెండోది మాత్రం ఇవ్వకండి. అందులోని కాగితాలు చించి ఎవరివి వాళ్లకి ఇచ్చేయండి. నేను అలాగే చేశాను. హిందీ మేడం తన కాగితాలు తీసుకుని, నా పాఠానికి గీసిన ఆ మొదటి బొమ్మ కూడా ఇమ్మని అడిగారు. ఇప్పుడు ఆవిడ వేరే మండలంలో ఇన్‌చార్జి హెచ్‌ఎం.